గడప ఇవతల నుంచి చేసిన తనిఖీ

నేను మార్కాపురంలో ఒక గ్యాస్ ఏజెన్సీ ఆఫీసులో పనిచేస్తాను. బుకింగులు రాసుకోవడం, కొత్త కనెక్షన్ల కాగితాలు సర్దడం నా పని. నా కౌంటరుకు అద్దం ఉంది. ఆ అద్దంలో చెయ్యి పట్టేంత కన్నం ఉంది. మనుషులతో నాకు ఆ కన్నమంత పరిచయం చాలనిపించేది. నేను ఎక్కువ మాట్లాడనని ఆఫీసులో అందరికీ తెలుసు. ఇంట్లో డైరీ రాస్తానని, పుస్తకాలు చదువుతానని మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది ఎండలు ముదరకముందే, గ్యాస్ వాడకానికి సంబంధించిన భద్రతా నిబంధనలను సవరించి రాష్ట్రం నుంచి పంపించారు. పాతవి ఒక్క పేజీ. గోడకు అతికించి అతికించి పసుపు రంగుకు తిరిగిపోయిన కాగితం అది. కొత్తవి కుట్టిన కట్ట, అంతా ఇంగ్లీషు. అందులో మాకు పని పెట్టిన మార్పులు రెండు. ఇదివరకు ఇళ్లకు వెళ్లి చూడడం మాట వరసకే ఉండేది. ఇకమీదట ప్రతి ఇంటికీ వెళ్లి, వంటింట్లో నిలబడి, పొయ్యి, రెగ్యులేటరు, రబ్బరు పైపు కళ్లతో చూసి, ఒక్కొక్క దానికీ టిక్కు పెట్టి సంతకం చేయాలి. రెండోది, పైపు మీద ఏ గుడ్డా, ఏ తొడుగూ చుట్టకూడదు. చుట్టి ఉంటే అక్కడే విప్పించి పైపు మార్చాలి.

ఇళ్లలో పంచడానికి వాటిని తెలుగులో రాయమని సారు నాకు ఇచ్చారు. సారు అంటే ఏజెన్సీ యజమాని. నేను మూడు రోజులు రాశాను. ‘రబ్బరు నాళమునకు ఎట్టి ఆచ్ఛాదనమును కల్పింపరాదు’ అని రాసి, ఆ వాక్యాన్ని రెండుసార్లు నాలో నేనే చదువుకుని మురిసిపోయాను. సారు దాన్ని పైకి చదివారు.

“ఏందమ్మా ఇది. గ్యాస్ కనెక్షనా, సత్యనారాయణ వ్రతమా?”

పక్కనే పొయ్యిలు బాగుచేసే మెకానిక్ అన్న ఉన్నాడు. “ఇది చదివినోళ్లు మళ్లీ కట్టెల పొయ్యికి పోతారు సార్” అన్నాడు.

నేను తల వంచుకుని కాగితం వెనక్కి తీసుకున్నాను. ‘పైపుకు గుడ్డ చుట్టకండి’ అని మార్చి రాశాను. రాసేటప్పుడే అనుమానం వచ్చి అన్నను అడిగాను, అసలు పైపుకు గుడ్డ ఎవరు చుడతారని.

“గొర్రెలు, మేకలు ఉన్నోళ్ల ఇండ్లకు పోయి చూడు. మేకపిల్లలను కుక్కలు ఎత్తుకపోతాయని ఇంట్లోనే కట్టేస్తారు. అవి ఊరికే ఉంటాయా. రబ్బరు కనపడితే నమలడమే. అందుకని చీర పేలికలు చుడతారు. పైకి ముద్దుగా ఉంటాది. లోపల పైపు పగిలిందో, పండ్లు దిగినాయో ఎవురికి తెలియాల.”

ఆ సాయంత్రం ఈ మాటలను డైరీలో ఎక్కించుకుని, ‘పండ్లు దిగినాయో’ కింద గీత కూడా గీశాను. మాట నచ్చి గీశాను.

కరపత్రాలు అచ్చయి వచ్చాక సారు నన్ను కూడా తనిఖీలకు వెళ్లమన్నారు. నేనా సార్ అన్నాను.

“మగోళ్లు పోతే గడప కాడే నిలబెడతారు. నువ్వు ఆడపిల్లవు, నిన్నైతే నేరుగా వంటింట్లోకి పిలుస్తారు. ఆ పూట కూరేందో కూడా చెప్తారు పో.”

తర్లుపాడు వైపు పల్లెలు మాకు వచ్చాయి. అన్న బండి వెనక కూర్చుని పోయేదాన్ని. వీధిలో ఒక వరుస ఆయన, ఒక వరుస నేను. మొదటి రెండు రోజులు బాగానే గడిచాయి. ఇంకొకరి వంటింట్లోకి పోయి, వాళ్ల పొయ్యి కిందికి వంగి చూడడం నాకు చాలా కష్టంగా ఉండేది. అయినా సారు చెప్పినట్టే పిలిచేవాళ్లు, చూపించేవాళ్లు. ఒకామె నిజంగానే చింతచిగురు పప్పు రుచి చూపించింది.

మూడో రోజు నేను వెళ్లిన ఇల్లు ఊరి చివర, మేకల దొడ్డి పక్కన. నేల పలకరాయి బండలు. ఇంటాయన మందను తోలుకుని అడవి దిక్కుకు పోయి ఉన్నాడు. ఆమె ఒక్కతే ఉంది. యాభై దాటిన మనిషి, గట్టి చేతులు, పెద్ద గొంతు. అరుగు మీద ఆమె మరిదితో పాటు మరో ఇద్దరు మగవాళ్లు కూర్చుని తాడు పేనుతున్నారు. వసారాలో స్తంభానికి ఒక మేకపిల్లను కట్టేశారు. నేను నిలబడగానే అది నా చున్నీ అంచును నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది.

“ఎవురి పిల్లవమ్మీ?”

“మార్కాపురం గ్యాస్ ఆఫీసు నుంచి వచ్చినా పెద్దమ్మా. పొయ్యి, పైపు చూసి పోవాల.”

“చూసుకో తల్లీ, దానికేముండాది. ముందు మజ్జిగ తాగు. ఎండన పడి వచ్చినావు.”

తాగాను. గ్లాసు కింద పెట్టి గడప దాటబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగు పాపా. పొయ్యి పక్కనే మా దేవుడు ఉండాడు. బయట లేవు గదా?”

నెలసరిలో లేవు కదా అని ఆమె అడిగింది. మా వైపు ఆడవాళ్లు అడిగే తీరు అది. ఆమె తప్పుగా అడగలేదు. దేవుడున్న గదిలోకి కొత్త ఆడపిల్ల అడుగు పెట్టేముందు ఏ ఇంట్లోనైనా అడిగే మాటే. గొంతు తగ్గించి అడగలేదు, అంతే. అరుగు మీద తాడు పేనే చేతులు ఆగాయి.

నాకు నెలసరి వచ్చి ఆ రోజుకు రెండో రోజు. లేదని ఒక అబద్ధం చెప్పి లోపలికి పోవచ్చు. ఆ పట్టింపులో అర్థం లేదని నేను డైరీలో పేజీలకు పేజీలు రాసుకున్నదాన్నే. అవునని చెప్పి, పక్క వరుసలో ఉన్న అన్నను పిలవచ్చు. నేను రెండూ చేయలేదు.

“నేను లోపలికి రానులే పెద్దమ్మా. ఈడ్నే అడిగి రాసుకుంటా” అన్నాను.

దాచాలనుకున్నది ఆ ఒక్క మాటతోనే అందరికీ తెలిసిపోయింది. మగవాళ్లు తలలు వంచుకుని మళ్లీ తాడు అందుకున్నారు. అక్కడి నుంచి తొందరగా బయటపడాలన్న ఆలోచన తప్ప నాలో ఇంకేమీ లేదు.

“పైపు బాగుండాదా పెద్దమ్మా?”

“బంగారంలా ఉండాది. పసిబిడ్డను చూసుకున్నట్లు చూసుకుంటాండా.”

దానికి గుడ్డ చుట్టావా అని అడగాలి. రెండే రెండు మాటలు. మేకపిల్ల చున్నీని లాగుతూనే ఉంది. నేను అంచు విడిపించుకుని ఫారం మీద వరసగా టిక్కులు పెట్టాను. పొయ్యి సిలిండరు కంటే ఎత్తులో ఉంది, టిక్కు. పైపుకు పగుళ్లు లేవు, టిక్కు. పైపు మీద గుడ్డ లేదు, టిక్కు. ‘పై విషయాలన్నీ నాకు చదివి వినిపించారు’ అన్న చోట సంతకం చేయమన్నాను. ఆమె పెన్ను గట్టిగా పట్టుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ కూడబలుక్కుంటూ రాసింది. నేను ఆమెకు ఏదీ చదివి వినిపించలేదు. ఆమె రాయడం పూర్తయ్యే వరకు నిలబడడమే నాకు బరువైంది.

వీధి చివర అన్న బండి తుడుచుకుంటున్నాడు. “అన్నీ చూసినావా?” అన్నాడు. “చూసినా” అన్నాను.

ఆ ఒక్క ఇంట్లోనే అట్లా చేశానని రాయగలిగితే బాగుండేది. ఒకసారి చేశాక తేలికైపోయింది. ఆ రోజూ మరుసటి రోజూ కలిపి ఇంకో నాలుగు ఇళ్లలో కూడా గడప ఇవతలే నిలబడి టిక్కులు పెట్టాను. అక్కడ ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అడుగుతారేమోనని నేనే ఆగాను.

నెల దాటాక, ఒక పొద్దున ఆఫీసుకు ఫోను వచ్చింది. అన్న వెళ్లాడు. మేకల దొడ్డి పక్కింటి పెద్దమ్మ పొయ్యి వెలిగించబోయిందట. పైపు గుడ్డ మాటున కారుతూ ఉందట. అగ్గిపుల్ల గీయగానే మంట గుడ్డ వెంట పాకింది. రెగ్యులేటరు కట్టేయబోయి చెయ్యి పెట్టింది. మరిది తడి గోనెసంచి వేసి ఆర్పేలోపల కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. మార్కాపురం ఆసుపత్రికి తెచ్చారు.

అన్న తిరిగొచ్చి నా బల్ల మీద పైపు ముక్క పెట్టాడు. ఒక కొస నల్లగా కరిగి ఉంది. రెండో కొసకు నీలం అంచు చీర పేలిక ఇంకా చుట్టే ఉంది.

“చూసినా అన్నావు గదమ్మా” అన్నాడు.

“తర్వాత చుట్టిందేమో అన్నా.”

ఆ మాట నా నోట్లోంచి అంత సులువుగా ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. పేరు తెలియని మనిషి ఎదుట మాట పెగలని నేను, తడుముకోకుండా అన్నాను. అన్న ఆ పేలికను గోరుతో గీకి చూపించాడు.

“ఎంత జిడ్డు పట్టిందో చూడు. ఇది నెల జిడ్డేనా?” అన్నాడు. నేను బుకింగుల పుస్తకం ముందుకు లాక్కునేసరికి, “ఏమోలే, కావచ్చు” అని లేచిపోయాడు.

కొన్ని రోజుల తర్వాత విచారణ అధికారి వచ్చారు. నెమ్మదైన మనిషి. సారు గదిలో కూర్చున్నారు. ఆమె చేతికి కట్టుతో, భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. నన్నూ పిలిచారు. అధికారి కొత్త నిబంధనల ప్రకారం సంగతి విడమరిచి చెప్పారు. తనిఖీ సరిగ్గా జరగకపోయి ఉంటే తప్పు ఏజెన్సీది. వైద్యానికి సహాయం అందుతుంది. తనిఖీ నాటికి పైపు బాగుండి, ఆ తర్వాత గుడ్డ చుట్టి ఉంటే అది వాడుకునేవాళ్ల నిర్లక్ష్యం. ఏ సహాయమూ రాదు.

ఆ సహాయం ఆమెకు దేనికి కావాలో ఆ గదిలో అందరికీ తెలుసు. కాలిన చర్మం బిగుసుకుని వేళ్లు లోపలికి ముడుచుకుపోతున్నాయి. గుంటూరులో ఆపరేషన్ చేయించకపోతే ఆ చెయ్యి ఇక తెరుచుకోదని డాక్టరు చెప్పి ఉన్నాడు. మేకల పాలు పితికేది ఆ చేత్తోనే.

అధికారి నా ఫారం ఆమె ముందుకు జరిపారు. “ఈ అమ్మాయి మీ వంటింట్లోకి వచ్చి పైపు చూసిందా అమ్మా?”

ఆమె నా వైపు చూసింది. నేను బల్ల మీది పేపరు వెయిటు వైపు చూశాను.

“చూసింది సారూ.”

“అప్పుడు పైపుకు గుడ్డ ఉందా?”

“లేదు. నేనే తర్వాత చుట్టినా. మేకపిల్ల కొరుకుతాందని.”

భర్త ఆశ్చర్యపోయాడు. “ఏందే నువ్వు చెప్పేది. ఆ గుడ్డ పోయిన శివరాత్రి నాడే గదా…”

“నువ్వు ఊరుకో. ఇంటి పట్టున ఉన్నోనివైతే గదా నీకు తెలిసేది.”

అధికారి రాసుకున్నారు. నన్ను అడిగారు, నువ్వు చెప్పేదేమైనా ఉందా అని. ఆ గదిలో నాకు ఎంతసేపు దొరికిందో నాకు తెలుసు. సారు ఒకసారి దగ్గారు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఒక మనిషి నిజం చెప్పడానికి అది చాలినంత సమయమే. “లేదండీ” అన్నాను.

వాళ్లు మెట్లు దిగుతుంటే నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆమె ఆగి, భర్త ముందుకు పోయాక అంది:

“నీ ఉద్యోగం పోతాదని ఆ సారు రాకముందు బయట అనుకుంటాండ్రి. పెండ్లి కావలసిన పిల్లవు. లోపలికి రానీకుండా నిలబెట్టింది నేనే గదా. నా ఇల్లు, నా దేవుడు. పోనీలే.”

ఆమె దిగిపోయే దాకా నేను తలుపు పట్టుకునే ఉన్నాను. అదొక మర్యాద అన్నట్టు.

ఆ సాయంత్రం డైరీ తీసి ఆ పాత తేదీ పేజీ చూశాను. రెండు పేజీలు నిండుగా రాసి ఉన్నాయి. పలకరాయి బండల చల్లదనం, మజ్జిగలో వేసిన కరివేపాకు వాసన, మేకపిల్ల కళ్లలో అడ్డంగా ఉండే నల్లని గీత. అది నా చున్నీని ఎంత శ్రద్ధగా నమిలిందో ఒక పేరా. టిక్కుల సంగతి ఒక్క ముక్క లేదు. ఎవరూ చూడని పుస్తకంలో కూడా నేను దాచాను. దాచిన చోటును అందంగా అలికాను. అంతకుముందు చాలాసార్లు సిగ్గుపడ్డాను కానీ, అది మనుషుల ముందు పడే సిగ్గు. ఇది వేరు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నా తలెత్తలేకపోయాను.

మరుసటి వారం మెకానిక్ అన్నకు చెప్పేశాను. ముందుగా ఆ మిగతా నాలుగు ఇళ్లకు తీసుకుపొమ్మని అడిగాను. ఒక ఇంట్లో పైపుకు గుడ్డ ఉంది. అన్న విప్పి చూపించాడు, పైపు మీద సన్నని పగుళ్లు. కొత్తది బిగించాడు. తిరిగొచ్చేటప్పుడు బండి ఆపి అన్నాడు:

“ఆ రోజు నాకు చెప్పింటే నేను పోయేవాణ్ణి గదమ్మా.”

“నువ్వు నవ్వుతావనుకున్నా అన్నా.”

“నవ్వుతా. నవ్వి పోయేవాణ్ణి.”

తర్వాత పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. అధికారికి నిజం రాసిస్తానని చెప్పాను. ఆమె వసారాలో కూర్చుని ఎడమ చేత్తో శనక్కాయలు ఒలవడానికి తంటాలు పడుతోంది. నా మాటలు వింటూనే ఇంకో కాయ అందుకుంది. నన్ను మెచ్చుకుంటుందని నాకు లోపల ఎక్కడో ఆశ ఉన్నట్టుంది. అది కూడా దాచను.

“ఆ రోజే ఆ సారు ముందర నోరు తెరిచింటే నేను అబద్ధమాడే పని ఉండేదా?” అంది. “ఇప్పుడు నువ్వు నిజం చెప్పి మంచిదానివైతావు. సర్కారోళ్ల కాడ నేను అబద్ధాలదాన్ని అయితా. నీ కోసమని ఆడినా పాపా. నన్ను ఎవురూ అడగలా, నేనే ఆడినా.”

గంపలో కాయలు తీసుకుని ఒలవబోతే, “పెట్టు ఆడ” అంది. పెట్టేశాను. కాసేపటికి తన కట్టు కట్టిన చేతి వైపు చూసుకుంది.

“రాసుకో పో. చెయ్యి నాది గదా. తెరుచుకోవాల.”

ఉత్తరాన్ని ఐదారుసార్లు రాశాను. మొదటి దాంట్లో ‘అనివార్య కారణముల వల్ల’ అని రాసి, చించేశాను. ఇంకోదాంట్లో ‘ఆరోగ్యం సరిలేక’ అని రాశాను. చివరికి ఇట్లా రాశాను: ‘నేను ఆ రోజు బహిష్టులో ఉన్నాను. ఆ సంగతి మగవాళ్ల ముందు చెప్పలేక వంటింట్లోకి వెళ్లలేదు. పైపు చూడలేదు, గుడ్డ ఉందా అని అడగలేదు. చూడకుండానే టిక్కులు పెట్టాను. ఆమెకు ఏదీ చదివి వినిపించలేదు. విచారణలో ఆమె నా ఉద్యోగం కాపాడడానికి వేరుగా చెప్పింది.’ నేను రాసినవాటిలో ఒక్క మంచి మాట కోసం కూడా వెతకనిది అదొక్కటే.

సారు చదివి ఉత్తరాన్ని బల్ల మీద పడేశారు. “ఇంత చదువుకుంటివి. ఒక్క మాట చెప్పలేకపోతివా ఆ పొద్దు?” అన్నారు. ఏజెన్సీకి నోటీసు వచ్చింది. అధికారి మళ్లీ వచ్చినప్పుడు ఉత్తరాన్ని నా ఎదుటే చదివారు. మొదటి వాక్యం దగ్గర ఆయన కళ్లు ఆగడం చూశాను. అప్పుడు నాకు సిగ్గనిపించలేదు. ఇంత చిన్న మాట కోసమా అనిపించి, దానికి మాత్రం తల వంచుకున్నాను. ఆమెను మళ్లీ పిలిపించి వాంగ్మూలం మార్చి రాశారు. ముందు ఎందుకు అట్లా చెప్పావమ్మా అని ఆమెను అడిగారు. “బుద్ధి లేక సారూ” అంది ఆమె. ఆ జవాబును కూడా రాసుకున్నారు. అది ఇప్పుడు ఫైలులో, ఆమె పేరు కింద ఉంది.

నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. తీసేస్తే బాగుండునని కొన్నాళ్లు అనుకున్నాను. తనిఖీ ఫారం కింద మా ఆఫీసు వరకు ఒక వాక్యం చేర్చమని అధికారి చెప్పి వెళ్లారు. దాన్ని సారు నాకే రాయమన్నారు. ‘ఏ కారణం చేతనైనా వంటింట్లోకి వెళ్లలేకపోతే టిక్కు పెట్టవద్దు. కారణం రాసి, ఇంకొకరిని పంపండి.’ ఒక్కసారిలో రాసిచ్చాను. సారు చదివి బాగుందన్నారు.

సహాయం వచ్చింది. గుంటూరులో ఆపరేషన్ జరిగింది, ఆలస్యంగా. నేను నోరు తెరవని రోజులు కూడా ఆ ఆలస్యంలో ఉన్నాయి. మూడు వేళ్లు తెరుచుకున్నాయి. చిటికెన వేలు, దాని పక్క వేలు అట్లాగే ముడుచుకుని ఉన్నాయి.

సిలిండరు బుకింగుకు ఇదివరకు ఆమే వచ్చేది. ఇప్పుడు ఆయన వస్తున్నాడు. మంద నుంచి నేరుగా వచ్చినట్టు భుజం మీద కర్రతోనే వచ్చి, అద్దంలోని కన్నంలోంచి పుస్తకం తోస్తాడు. పోయిన నెల అడిగాను, పెద్దమ్మ ఎట్లుందని.

“గిన్నె పట్టుకుంటాంది” అన్నాడు. “పాలు నేనే పితుకుతాండా.”

ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. పుస్తకం తీసుకుని, వెనకున్నవాళ్లకు దారి ఇచ్చి వెళ్లిపోయాడు.